ఎడమ వైపు బెల్టు

పాత కారుకు వచ్చే జబ్బులు రెండు రకాలు. కొన్ని బండిని కదలనివ్వవు. బ్యాటరీ దిగిపోయినా, క్లచ్ వైరు తెగినా, రేడియేటర్ కారిపోయినా ఆ పూట ప్రయాణం ఆగిపోతుంది. చేతిలో డబ్బు లేకపోయినా అప్పోసప్పో చేసి వెంటనే బాగుచేయిస్తాం. రెండో రకం జబ్బులు బండిని ఆపవు. సీటు బెల్టుది ఆ రెండో రకం. పోగులు లేచిపోయినా, రీలు వెనక్కి లాక్కోవడం మానేసినా, క్లిప్పు పడకపోయినా ఇంజను స్టార్టవుతుంది, హారను మోగుతుంది, పమిడిముక్కల నుంచి ఉయ్యూరు వెళ్లి సరుకులు తెచ్చుకోవచ్చు, బందరు వెళ్లి కలెక్టరాఫీసు పని చూసుకుని రావచ్చు. పని జరిగిపోతోంది కాబట్టి ఆ జబ్బు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది. దాని సంగతి తెలిసొచ్చే రోజంటూ వస్తే, బాగుచేయించుకునే వ్యవధి ఆ రోజు ఉండదు.

మా వైపు ఊళ్లలో చూడండి. మంటాడ, గురజాడ, కపిలేశ్వరపురం, వీరంకిలాకు, ఎక్కడైనా సరే, ఇళ్ల ముందు రేకుల షెడ్డు కింద కనిపించే కార్లలో చాలావరకు ఇంకొకరు వాడి వదిలినవే. విజయవాడలోనో హైదరాబాదులోనో ఎవరో కొత్తగా కొనుక్కున్నారు, పదేళ్లు తిప్పారు, ఇంకా పెద్ద బండికి మారారు. ఆ మారుతి 800, ఆ ఓమ్ని, ఆ ఇండికా రెండు మూడు చేతులు మారి డెల్టాకు చేరాయి. ఇక్కడ వాటికి మంచి సేవే జరుగుతుంది. ఆయిలు వేళకు మారుస్తారు, దసరాకు కడిగి పసుపు కుంకుమ పెట్టి నిమ్మకాయలు తొక్కిస్తారు. పిల్ల పెళ్లిచూపులకూ ముసలాయన డయాలసిస్‌కూ అదే బండి. ఆ బండ్లంటే నాకు గౌరవం. అవి లేకపోతే అర్ధరాత్రి నొప్పులొచ్చిన ఆడపిల్లను ఆసుపత్రికి చేర్చేదెవరు? అయితే వాటి బెల్టుల మీద కూడా అన్నేళ్ల ఎండ, అన్నేళ్ల చెమట, పక్కనే పేర్చిన ధాన్యం బస్తాల కోసం వచ్చిన ఎలుకల పళ్లు పనిచేసి ఉంటాయి.

మా ఇంట్లో ఉన్నదీ మారుతి 800. కుడివైపు బెల్టు బాగానే ఉంది. ఎడమవైపు దాన్ని తీరిగ్గా పట్టుకుని చూస్తే దాని చరిత్రంతా కనిపించింది. తలుపు అంచు కొరికే చోట జానెడు మేర పోగులు లేచి కుంచెలా విచ్చుకున్నాయి. భుజం దగ్గర చెమటకూ పౌడరుకూ మెరుగెక్కి నల్లబడి, చేత్తో రుద్దితే మట్టి రాలుతోంది. లాగితే వస్తుంది గానీ వదిలితే లోపలికి పోదు. అలా పోనిది గడప మీద వేలాడుతుంది. తలుపు వేసినప్పుడల్లా మళ్లీ అక్కడే పడి నలుగుతుంది. రీలు జబ్బు పట్టీకి అంటింది, పట్టీ మురికి రీలును ఇంకా పాడుచేసింది.

ఎడమ సీటు అమ్మది. ఆవిడే కాదు, మా వైపు ఏ ఇంటి కారులోనైనా ఆ సీటు ఇంట్లో పెద్దవాళ్లది. మోకాళ్ల నొప్పులవాళ్లు, బాలింత, కొత్తగా వచ్చిన అల్లుడు అక్కడ కూర్చుంటారు. అంటే మనం ఎక్కువ ప్రేమించేవాళ్లనూ, ఎక్కువ మర్యాద చేసేవాళ్లనూ కూర్చోబెట్టే చోటది. బెల్టు మాత్రం అక్కడే ముందు పాడవుతుంది, అక్కడే చివర మారుతుంది. ఇక వెనక సీటు బెల్టుల సంగతి చెప్పనక్కర్లేదు. కొత్త సీటు కవర్లు వేయించిన రోజే వాటి క్లిప్పులు కవరు కిందకు వెళ్లిపోయి ఉంటాయి.

పెట్టుకోని వాళ్లను నిర్లక్ష్యం అనడం తేలిక. అమ్మ ఎందుకు పెట్టుకోదని అడిగితే ఆవిడ చెప్పిన కారణం వేరు. "పెళ్లికెళ్తూ ఆ మసిగుడ్డ చీర మీద వేసుకోమంటావా? కంచిపట్టు మీద మరక పడితే పోతుందా?" నిజమే. పోగులు గొంతుకు గుచ్చుకుంటున్నాయి, మురికి చీరకు అంటుతోంది, ఒకసారి వదులైతే ఒళ్లో కుప్పగా పడుతోంది. ఆ స్థితిలో ఉన్న పట్టీని ఎవరు మాత్రం ఇష్టంగా వేసుకుంటారు? మనవాళ్లలో చాలామందికి బెల్టు మీద అయిష్టం ఇలాంటి పాడైపోయిన బెల్టుల వల్లే పుట్టిందని నాకిప్పుడు గట్టిగా అనిపిస్తోంది. సాఫీగా వచ్చి సాఫీగా వెళ్లే శుభ్రమైన బెల్టు ఉంటే మా అమ్మ వయసువాళ్లు కూడా పేచీ పెట్టరు.

ఈలోగా బెల్టు పోలీసుల వస్తువైపోయింది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 194బీ సెక్షను కింద జరిమానా వెయ్యి రూపాయలు చేశాక, సెంటరు రాగానే పట్టీని ఒంటి మీదికి లాక్కుని, పోలీసాయన దాటగానే వదిలేసే అలవాటు వచ్చింది. లాక్కుని పట్టుకుంటే చాలు, క్లిప్పు పడాల్సిన పని లేదు. దాంతో పాడైన క్లిప్పు కూడా చెల్లుబాటవుతోంది.

అసలు ఈ పట్టీ ఎవరి బుర్రలో పుట్టిందో తెలిస్తే దానిమీద గురి కుదురుతుంది. నిల్స్ బోలిన్ అనే స్వీడన్ ఇంజనీరు అంతకుముందు విమానాల్లో పనిచేశాడు. ప్రమాదంలో పైలట్‌ను సీటుతో సహా బయటకు విసిరేసే ఏర్పాటు ఉంటుందే, ఆ సీట్ల మీద. తర్వాత వోల్వో కంపెనీలో చేరాడు. పైలట్‌ను నాలుగైదు పట్టీలతో బిగించి కూర్చోబెట్టొచ్చు, అతనికది ఉద్యోగం. కూరగాయలకు వెళ్లే మనిషి అంత తతంగం పెట్టుకోడు. అందుకని ఒంటి చేత్తో, ఒక్క కదలికతో పడేలా భుజం మీదుగా, నడుం మీదుగా మూడు చోట్ల పట్టుకునే పట్టీని తయారుచేశాడు. 1959లో వోల్వో కార్లలోకి అది వచ్చింది. కంపెనీ ఆ పేటెంటును తన దగ్గరే దాచుకోకుండా ఎవరైనా వాడుకోండని వదిలేసింది. అందుకే నేడు ప్రపంచంలో ఏ కారు ఎక్కినా అదే పట్టీ. మన దేశంలో కొత్తగా తయారయ్యే కార్ల ముందు సీట్లకు 1994 నుంచి తప్పనిసరి చేశారు.

ఉయ్యూరు ఎంతో దూరం కాదు కదా, మన కారు ఎంతో వేగం పోదు కదా అనే మాట మా ఇంట్లోనూ వినిపిస్తుంది. ఆ మాటకు జవాబు మా కాలవ గట్ల మీదే నిలబడి ఉంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న బండి ఉన్నట్టుండి ఆగిపోతే లోపలి మనిషి అదే వేగంతో ముందున్న గాజునో డ్యాష్‌బోర్డునో తాకుతాడు. పైనుంచి కిందపడే వస్తువు ఆ వేగం అందుకోవాలంటే 14 మీటర్లకు పైగా ఎత్తునుంచి పడాలి. అడుగుల్లో దాదాపు 46. అది మా గట్టు మీది తాడిచెట్టు ఎత్తు. 40 కిలోమీటర్ల వేగమే అనుకున్నా 20 అడుగుల పైమాటే, రెండంతస్తుల డాబా మీదనుంచి దూకినట్టు లెక్క.

తాడిచెట్టెక్కే గీత కార్మికుడు మోకు లేకుండా ఎక్కడు. చెట్టునూ తన వీపునూ కలిపి చుట్టుకున్న ఆ తాడు మీదే ఒళ్లు వాల్చి, రెండు చేతులూ వదిలి గెల చెక్కుతాడు. ఎక్కేముందు చెట్టు మొదట్లో నిలబడి మోకును ఒకసారి గట్టిగా వెనక్కి లాగి చూసుకుంటాడు, ముడి తడుముతాడు. పోగు లేచిందని అనుమానం వస్తే ఆ రోజు చెట్టెక్కడు. కల్లు పోతే పోయిందనుకుంటాడు. అంత జాగ్రత్త ఉన్నా ప్రమాదాలు జరుగుతున్నాయనే 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో వాళ్లకు భద్రతా కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. అతనికి ఎత్తు కనిపిస్తుంది. కారులో కూర్చున్న మనకు అదే ఎత్తు కనిపించదు, కింద నేల చదునుగా ఉంటుంది, పాట వినిపిస్తుంటుంది, పక్కన పైరు ఊగుతుంటుంది. మన బెల్టును మనం లాగి చూసుకోకపోవడానికి ఇంతకు మించిన కారణం నాకు కనిపించలేదు.

మా పక్క మండలం పామర్రులో నిమ్మకూరు ఉంది. ఎన్టీ రామారావు గారి ఊరు. వారి కుమారుడు నందమూరి హరికృష్ణ గారు పుట్టిందీ అక్కడే. తండ్రి తెలుగుదేశం పెట్టి ఊరూరా తిరిగిన రోజుల్లో చైతన్యరథం, ఆ పాత షెవర్లే వ్యాను, నడిపింది ఆయనే. స్టీరింగు చేత పట్టుకుని పుట్టినట్టుండే మనిషి. రాష్ట్ర రవాణా శాఖ మంత్రిగా కూడా పనిచేశారు. 2018 ఆగస్టు 29 తెల్లవారుజామున హైదరాబాదు నుంచి ఒక అభిమాని ఇంట పెళ్లికి బయల్దేరి, తానే నడుపుకుంటూ వెళ్తూ, నల్గొండ దగ్గర అన్నెపర్తి వద్ద కారు అదుపు తప్పి కన్నుమూశారు. ఆయన బెల్టు పెట్టుకోలేదనీ, బయటకు విసిరేసినట్టు పడిపోయారనీ పోలీసులు చెప్పారు. ఇంకో నాలుగు రోజుల్లో 62వ పుట్టినరోజు. అంత అనుభవం ఉన్న చేతులకు కూడా బెల్టు అవసరమని ఆ ఉదయం మా జిల్లా అంతా తెలుసుకుంది. నిమ్మకూరు వైపు వెళ్లినప్పుడల్లా నాకా సంగతే గుర్తొస్తుంది. ఆయన పేరు ఇక్కడ తలచుకోవడం గౌరవంతోనే. మా ఊళ్లవాళ్లకు ఆయన మాట చెబితే ఎక్కినట్టు ఇంకో మాట ఎక్కదు.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో బెల్టు పెట్టుకోక చనిపోయినవారు 16,715 మంది. అందులో నడిపేవాళ్లు 8,384, పక్కనా వెనకా కూర్చున్నవాళ్లు 8,331. దాదాపు సగానికి సగం. పోలీసాయన చూసేది కుడి సీటునే అయినా చావు ఎడమ సీటును వదలడం లేదు.

సరే, బెల్టు మార్పిద్దామని ఉయ్యూరులో మాకు తెలిసిన షెడ్డుకు తీసుకెళ్లాను. మేస్త్రి పెద్దవాడు, చేయి తిరిగినవాడు. పట్టీని లాగి చూసి, "పక్క సీటేగా బాబూ, సీటు కవర్లు కుట్టేవాడి చేత రెండు వరసలు కుట్టించేద్దాం, ఎందుకు దండగ ఖర్చు" అన్నాడు. ఆయన్ను తప్పుపట్టను. వచ్చే గిరాకీ అంతా అదే అడుగుతుంది కాబట్టి ఆయనా అదే చెబుతాడు. కానీ ఈ కుట్టు సంగతి మాత్రం అందరికీ తెలియాలి. ఆ పట్టీ పాలిస్టరు దారంతో గట్టిగా నేసింది. వెడల్పు రెండంగుళాల లోపే. అయినా ప్రమాణాల ప్రకారం ఒకటిన్నర టన్ను లాగుడుకు తెగకూడదు. ఆ బలం ఈ చివర నుంచి ఆ చివర దాకా తెగకుండా వెళ్లే పోగులది. అంచున తెగిన పోగుల బలం కుట్టు వేస్తే తిరిగి రాదు. మన సూది ఉన్న పోగులనూ తెంపుతుంది. పైగా గుద్దుకున్న క్షణంలో ఆ పట్టీ కాస్త సాగి, ఒంటి వేగాన్ని కొద్దికొద్దిగా తగ్గించాలి. ఒకసారి ప్రమాదంలో సాగిన బెల్టుకు రెండోసారి సాగే గుణం ఉండదు. అందుకే పెద్ద గుద్దుడు తిన్న కారు బెల్టు చూడ్డానికి కొత్తదిలా ఉన్నా తీసేయాలి.

"కొత్తదే వేద్దాం మేస్త్రీ" అన్నాను. "ఈ మోడలుకు దొరకడం కష్టం బాబూ, ఆటోనగర్‌లో చూడాలి" అన్నాడు. మారుతి 800 తయారీ 2014లోనే ఆగిపోయింది మరి.

విజయవాడ ఆటోనగర్‌లో దొరకనిది ఉండదు. లారీ ఛాసిస్ నుంచి చిన్న బల్బు హోల్డరు దాకా అన్నీ ఉంటాయి. పాత సామాన్ల షాపుల్లో స్క్రాపు కార్ల నుంచి విప్పిన బెల్టులు దండెం మీద తువ్వాళ్లలా వేలాడుతుంటాయి. చవక. కానీ ఆ బెల్టు విప్పిన కారు ఎలా స్క్రాపుకు వచ్చింది? వయసైపోయి వచ్చిందా, లారీ కింద నలిగి వచ్చిందా? షాపాయనకూ తెలియదు. భుజం దగ్గర పట్టీ దూరే కొక్కేనికి ప్లాస్టిక్ కరిగి రాసుకున్న గుర్తుందా, పట్టీ అలలు అలలుగా ముడుచుకుందా, రీలు బిగుసుకుపోయిందా అని చూడగలం. అవేవీ లేకపోయినా నమ్మకం కుదరదు. బంపరు, అద్దం, తలుపు పాతవి కొనుక్కోవచ్చు, నేనూ కొంటాను. బెల్టు ఒక్కటి మాత్రం పాతది కొనకూడదని నా తీర్పు. వెతికితే పెట్టెలో ఉన్న కొత్తది దొరికింది. తయారైన తేదీ, ప్రమాణం గుర్తు వేసిన చీటీ పట్టీకే కుట్టి ఉంది. క్లిప్పు కూడా జతగా తీసుకున్నాను, ఒక కంపెనీ నాలుక ఇంకో కంపెనీ క్లిప్పులో టక్కున పడినట్టు అనిపించినా ఊడిపోవచ్చు. ఖరీదు ఒక టైరు కన్నా తక్కువే.

బిగించేటప్పుడు చూసిన రెండు సంగతులు చెప్పాలి. మొదటిది బోల్టు. మిగతా కారంతా మిల్లీమీటర్ల లెక్కలో ఉంటే బెల్టు బోల్టు ఒక్కటే అంగుళాల లెక్క. 7/16 అంగుళం లావు, అంగుళానికి 20 మరలు. ప్రపంచంలో దాదాపు అన్ని కార్లకూ ఇదే. చేతికి దొరికిన మామూలు బోల్టు నాలుగు చుట్లు ఎక్కి బిగిసినట్టే ఉంటుంది, మరలు మాత్రం పాడైపోతాయి. మేస్త్రి ఆ పాత బోల్టును తుడిచి, పానా పక్కన పెట్టి, ముందు వేళ్లతోనే చివరిదాకా తిప్పాడు. "వేలితో ఎక్కితేనే దారి సరైనట్టు" అన్నాడు. ఆ తర్వాతే పానా పట్టాడు. అంతకుముందే తలుపుల మధ్య కంబం అడుగున ప్లాస్టిక్ మూత తీసి ఇనుము తట్టి చూశాడు. మాది ఉప్పుగాలి వైపు నేల, వానాకాలం నీళ్లు నిలిచే నేల. గడప కింద ఇనుము తుప్పు తినేసి ఉంటే ఎంత కొత్త బెల్టయినా గుద్దుకున్న రోజు రేకుతో సహా ఊడి వస్తుంది. మాది గట్టిగానే ఉంది.

రెండోది రీలు. పెట్టెలోంచి తీసి షెడ్డులోని కుర్రాడు లాగితే పట్టీ రాలేదు. "జామైంది మేస్త్రీ, మార్చుకురావాలి" అన్నాడు. మేస్త్రి నవ్వి దాన్ని కారులో కూర్చునే వాలులో నిలబెట్టి పట్టుకున్నాడు. పట్టీ వెన్నలా వచ్చింది. కాస్త పక్కకు వంచాడు, టక్కున ఆగింది. మళ్లీ నిలబెడితే మళ్లీ వచ్చింది. లోపల చిన్న గిన్నెలో ఒక ఉక్కు గోళీ ఉంటుంది. బండి గట్టిగా ఆగితే గోళీ ముందుకు దొర్లి మీటను లేపుతుంది, మీట పళ్లచక్రాన్ని పట్టేస్తుంది. వంపు 12 డిగ్రీల లోపయితే పట్టకూడదు, 27 దాటితే పట్టితీరాలని ప్రమాణం. అందుకే రీలును అడ్డదిడ్డంగా బిగిస్తే అది ఎప్పుడూ పట్టేసైనా ఉంటుంది, పట్టాల్సినప్పుడు వదిలేసైనా ఉంటుంది. ఎడమ దానికీ కుడి దానికీ వాలు వేరు, ఒకదాని చోట ఇంకోటి వేయకూడదు. ఆ రీలు విప్పి స్ప్రింగుకు నూనె వేసే ప్రయత్నం ఎవరూ చేయొద్దు. మెల్లగా లాక్కుంటోందంతే అనుకుంటే ముందు పట్టీని గోరువెచ్చని సబ్బునీళ్లతో తుడిచి, నీడలో ఆరనిచ్చి, పై కొక్కెంలో పేరుకున్న జిడ్డు తీయండి. సగం బెల్టులు దాంతోనే దారికొస్తాయి.

అమ్మ ఇప్పుడు పెట్టుకుంటోంది. నడుం పట్టీ పొట్ట మీద కాకుండా కింద తుంటి ఎముకల మీద, పైది మెడకు తగలకుండా భుజం మధ్యలోంచి పోయేలా ఒకసారి సర్దాను. తర్వాత ఆవిడే సర్దుకుంటోంది. ఒళ్లో మనవణ్ణి కూర్చోబెట్టుకోవడం మాత్రం మాన్పించాల్సి వచ్చింది. గుద్దుకున్నప్పుడు పదికిలోల పిల్లవాణ్ణి ఏ అమ్మమ్మ చేతులూ ఆపలేవు.

కొత్త కార్లలో బెల్టుకు తోడు గాలిసంచులున్నాయి, బ్రేకులు పట్టేయకుండా చూసే ఏర్పాట్లున్నాయి, పెట్టుకోకపోతే మొత్తుకునే గంట ఉంది. మా మారుతిలో అవేమీ లేవు. మా ఊళ్లలో తిరిగే పాత బండ్లలో చాలావాటికీ లేవు. ప్రమాదంలో మనిషిని పట్టుకునేది ఆ రెండంగుళాల పట్టీ ఒక్కటే. కాబట్టి పాత బండికి బెల్టు దండగ ఖర్చు అన్న మాటను నేను ఒప్పుకోను. కొత్త బండివాడి కన్నా పాత బండివాడికే దాని అవసరం ఎక్కువ. 15 ఏళ్లు నిండి ఆర్‌సీ పొడిగింపుకు బండిని సిద్ధం చేసేటప్పుడు రంగు కన్నా ముందు, సీటు కవర్ల కన్నా ముందు బెల్టులు మార్పించండి.

ఈ సాయంత్రం మీ కారు దగ్గరికి వెళ్లి ఎడమవైపు బెల్టు పూర్తిగా బయటికి లాగండి. అంచులు వేళ్లతో తడమండి, నాలుక క్లిప్పులో పెట్టి గట్టిగా గుంజండి, వదిలితే లోపలికి వెళ్తోందో లేదో చూడండి, సీటు కవరు కింద పూడిపోయిన వెనక క్లిప్పులు పైకి తీయండి. మార్చాల్సి వస్తే కొత్తది వేయించి, విప్పిన పాత బెల్టును షెడ్డులో వదిలి రాకండి. కత్తెరతో అడ్డంగా రెండు ముక్కలు చేసి రండి. అది ఇంకో బండికి ఎక్కకూడదు.